జేజి కుదిర్చిన సంబంధాలు, తీరని మహర్‌లు

జమ్మలమడుగు చుట్టుప్రక్కల పల్లెలలో ఎవరి ఇంట పెండ్లి నిశ్చయమైనా, ఆ కబురు ఖాజీగారికంటే ముందు మా జేజినాయనకు అందేది. కొత్త జంటకు పరుపు కావాలి, దిండ్లు కావాలి. నల్లరేగడి చేలలో పండిన పత్తిని గింజ తీసి, మూటగట్టి సిద్ధంగా ఉంచేవారు. ఆయన దూదేకే విల్లు భుజాన వేసుకొని వెళ్లి, ఆ ఇంటి వసారాలో రెండు రోజులు కూర్చొని, తీగ మీటుతూ పత్తి ఏకేవాడు. ప్రక్కనే జేజి గలేబులు కుట్టేది. ఆయనకు వసారా వరకే ప్రవేశం. జేజికి వంటింటి వరకూ చనువు. ఆ రెండు రోజులలో ఆ ఇంటిలో పెండ్లికి ఎదిగిన పిల్లలు ఎందరు, అత్త కోడలిని ఏమని పిలుస్తుంది, అప్పులవాళ్లు ఏ వేళకు వచ్చి గడపలో కూర్చుంటారు అన్న సంగతులన్నీ ఆమెకు తెలిసిపోయేవి. పరుపుతోపాటు ఒక సంబంధం కూడా మూటగట్టుకొని వచ్చేదని జేజినాయన నవ్వేవాడు.

కర్నూలు, కడప జిల్లాలలో దూదేకులవారు, నూర్‌బాషాలు, పింజారులు, లద్దాఫులు అని రకరకాలుగా పిలువబడే మా వారి ఇంటి భాష తెలుగే. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల గురించి వెలువరించిన సంపుటాలలో మా వారికి ఒక ప్రత్యేక అధ్యాయమే ఉంది. నికాహ్ జరిగిన పందిరిలోనే పుస్తె కట్టడం, నల్లపూసలు వేయడం మా అమ్మ కాలంలో మామూలు సంగతి. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప పట్టణాలలో ఉర్దూ మాట్లాడే కుటుంబాల పద్ధతులు వేరు. అక్కడ సంబంధాన్ని ‘పయామ్’ అంటారు, దానిని మోసే స్త్రీని ‘మష్షాతా’ అంటారు. మా పల్లెలలో ఆ పనికి ప్రత్యేకమైన పేరు లేదు. జేజి అంటే జేజి, అంతే. సంబంధం కుదిరితే రెండు వైపుల నుండి ఒక్కొక్క చీర, నాలుగు సేర్ల జొన్నలు ఇచ్చేవారు. కుదరకపోతే మజ్జిగ ఇచ్చి పంపేవారు.

మధ్యవర్తిత్వం చిన్న పనేమీ కాదు. మన చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన వివాహానికి మధ్యవర్తి ఒక స్త్రీయే. హజ్రత్ ఖదీజా (రజి) మనసులోని మాటను గ్రహించి దైవప్రవక్త (స) వద్దకు వెళ్లి, వివాహం చేసుకోకపోవడానికి కారణమేమని నెమ్మదిగా మాట కదిపిన మహిళ నఫీసా బిన్త్ మున్యా. సీరత్ గ్రంథకర్తలు ఆమె పేరును పదిలంగా నమోదు చేశారు. మన పల్లెలలో ఆ పని చేసిన జేజిల పేర్లు మాత్రం ఏ నికాహ్‌నామాలోనూ కనిపించవు. సాక్షుల పేర్లుంటాయి, వకీలు పేరుంటుంది, ఖాజీగారి సంతకం ఉంటుంది.

జేజికి ఒక నియమం ఉండేది: లోపం ముందే చెప్పాలి. అబ్బాయికి కోపమెక్కువైతే కోపమెక్కువని, అమ్మాయికి చూపు తక్కువైతే చూపు తక్కువని చెప్పేది. ఇందువల్ల కొన్ని సంబంధాలు చెడిపోయేవి, కొందరు ఆమెను తిట్టేవారు కూడా. చాడీలు చెప్పడం పాపం కదా అని మా అమ్మ ఒకసారి అన్నది. ఈ విషయంలో ధర్మశాస్త్రం జేజి పక్షాన్నే ఉందని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఫాతిమా బిన్త్ ఖైస్ (రజి) తనకు వచ్చిన రెండు సంబంధాల గురించి దైవప్రవక్త (స)ను సలహా అడిగినప్పుడు, ఒకరు నిరుపేద అని, మరొకరి కర్ర భుజం మీది నుండి దిగదని ఆయన దాపరికం లేకుండా చెప్పారు. మూడవ వ్యక్తి అయిన ఉసామా (రజి)ను చేసుకోమని సలహా ఇచ్చారు. సహీహ్ ముస్లిం ఈ సంఘటనను నమోదు చేసింది. వివాహ విషయంలో సలహా అడిగినవారికి నిజం చెప్పడం పరనింద క్రిందికి రాదని పండితులు దీని నుండే తీర్మానించారు.

ఈనాడు ఆ స్థానంలో సెల్‌ఫోనులో తిరిగే బయోడేటా వచ్చింది. ఎత్తు, రంగు, చదువు, జీతం, సొంత ఇల్లు అన్నీ అందులో ఉంటాయి. కర్ర భుజం మీది నుండి దిగుతుందో లేదో మాత్రం ఉండదు.

వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాలో వాన చెప్పేది. పెన్నకు దూరంగా, కె.సి. కాలువ నీరు అందని మెట్ట పొలాలవారు శనక్కాయ పంట చేతికి వచ్చి, కాయ అమ్ముడైన తరువాతనే పెండ్లి మాట ఎత్తేవారు. ముహర్రం నెలలో పెండ్లి లేదు. ఆ నెలంతా ఊరు పీర్ల పండగలో మునిగి ఉండేది. సఫర్ నెల మొదటి పదమూడు రోజులు ‘తేరా తేజీ’ అని భయపడేవారు. ఈ భయానికి ధర్మంలో ఆధారం లేదు. అజ్ఞాన కాలపు అరబ్బులకు షవ్వాల్ నెల మీద ఇటువంటి భయమే ఉండేది. తన నికాహ్, తన కాపురం రెండూ షవ్వాల్‌లోనే జరిగాయని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పింది ఆ మూఢనమ్మకాన్ని తొలగించడానికే. అయినా మా జేజి సఫర్ పదమూడు రోజులు దాటేవరకు ఎవరి గడపా తొక్కేది కాదు. ఎందుకని అడిగితే, ‘నేను నమ్మను గానీ, వాళ్లు నమ్ముతారు గదమ్మా’ అనేది.

పిల్లను చూడడానికి వచ్చేవారిలో మగవారు తక్కువ. అబ్బాయి అసలు ఉండేవాడు కాడు. అతని తల్లి, అక్క, మేనత్త వచ్చి, పిల్లను నడిపించి, జడ విప్పించి చూసి, ఇంటికి వెళ్లి అతనికి వర్ణించి చెప్పేవారు. నికాహ్ అయిన తరువాత జల్వాలో అద్దంలోనే అతడు ఆమె ముఖాన్ని మొదటిసారి చూసేవాడు. ముగీరా బిన్ షుఅబా (రజి) ఒక స్త్రీని వివాహమాడదలచినప్పుడు, వెళ్లి ఆమెను చూసి రమ్మనీ, అనురాగం నిలవడానికి అది తోడ్పడుతుందనీ దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. అంటే అబ్బాయి చూడడం సున్నతు, అతని మేనత్త జడ కొలవడం ఆచారం. మనం ఈ రెంటినీ చాలాకాలం తారుమారు చేసుకున్నాం.

సమ్మతి సంగతి కూడా అటువంటిదే. వకీలు, ఇద్దరు సాక్షులు లోపలికి వెళ్లి ‘ఫలానా వారి కుమారునితో, ఇంత మహర్‌కు నీ నికాహ్ చేస్తున్నాము, నీకు సమ్మతమేనా’ అని అడుగుతారు. అప్పటికి వాకిట వెయ్యిమంది కూర్చొని ఉంటారు, బిర్యానీ దమ్ మీద ఉంటుంది. చుట్టూ ఇరవైమంది స్త్రీలు ‘హూఁ అను, హూఁ అను’ అని మోచేత్తో పొడుస్తుంటారు. ఆమె ఏడిస్తే అదే సమ్మతి అంటారు. ఖన్సా బిన్త్ ఖిదామ్ (రజి) తన తండ్రి తన ఇష్టం లేకుండా వివాహం చేశాడని ఫిర్యాదు చేసినప్పుడు దైవప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారు. ఆ ప్రశ్న అడగవలసింది పందిరి వేయకముందు. జేజి మాత్రం ఆ పని చేసేది. మజ్జిగ త్రాగే నెపంతో పిల్ల ప్రక్కన కూర్చొని, చెవిలో అడిగేది. ‘వద్దు జేజీ’ అన్న పిల్లల మాటను ఆమె ఎన్నడూ బయట పెట్టలేదు. జాతకం కుదరలేదన్నట్లుగా, ‘వాళ్ల ఇంట నీళ్లకు దూరం’ అని ఏదో ఒక సాకు చెప్పి సంబంధం మాన్పించేది.

ఇంతవరకు జేజిని మెచ్చుకున్నాను. ఇక ఆమె చేసిన పొరపాటు చెప్పాలి.

ఆమె కుదిర్చిన సంబంధాలలో మహర్ ఎప్పుడూ చివరి మాటే. కట్నం, బంగారం, అన్నం పెట్టే జనం లెక్క తేలిన తరువాత, లేచి వెళ్లబోతూ, ‘మహర్ మామూలే కదా’ అనుకునేవారు. ఆమె సొంత మహర్ నూటపాతిక రూపాయలు. అది కూడా తరువాత ఇచ్చే షరతు మీదనే. జేజినాయన మరణించిన రోజు నాకు పదకొండేళ్లు. జనాజా లేవబోతుండగా ముగ్గురు ముసలమ్మలు జేజిని చేయి పట్టుకొని తెచ్చి ‘మహర్ మాఫ్ చేశానని చెప్పు, ఆయన భారం దిగుతుంది’ అన్నారు. జేజి కాసేపు ఆయన ముఖంవైపు చూసి, మాఫ్ చేశానని చెప్పింది. ఆ రాత్రి మా అమ్మతో అన్నది: ‘ఆయన దగ్గర లేక కాదే, ఎవరూ అడగక. నేనే యాభై సంబంధాలు కుదిర్చినా, నాది నేను అడగలేదు.’

మహర్ భర్త మీద ఉన్న అప్పు. అతడు మరణిస్తే, వారసులు ఆస్తి పంచుకొనకముందే ఇతర అప్పులతోపాటు దానినీ తీర్చవలసి ఉంటుంది. అన్నిసా సూరా 4వ ఆయతు స్త్రీలకు మహర్‌ను మనస్ఫూర్తిగా ఇవ్వాలని ఆదేశిస్తుంది. స్త్రీ తన ఇష్టంతో కొంత వదులుకుంటే అది వేరు. శవం ప్రక్కన నిలబెట్టి అడిగితే ఇష్టమెక్కడిది?

ఇందులో ఒక అక్షరం కూడా మన ఆడవారికి అన్యాయం చేసింది. అరబ్బీలో వెంటనే చెల్లించవలసిన మహర్ ‘ముఅజ్జల్’, గడువు మీద చెల్లించవలసినది ‘మువజ్జల్’. ఒకదానిలో ఐన్, మరొకదానిలో హంజా. మన నోట రెండూ ఒకే మాటగా పలుకుతాయి. ఖాజీగారు నికాహ్‌నామాలో ఏది వ్రాశారో వధువు తండ్రికి తెలియదు, వరునికి తెలియదు. ‘సిక్కయే రాయిజుల్‌వఖ్త్’ అన్న గంభీరమైన మాట వినగానే అందరూ తల ఊపుతారు. చెలామణీలో ఉన్న నాణెమని దాని అర్థం. ఆ నాణెం ఆమె చేతిలో చెలామణీ అయిన సందర్భాలు నేను తక్కువగా చూశాను.

సొమ్ము మాత్రం చేతులు మారుతూనే ఉన్నది, కాకపోతే వ్యతిరేక దిశలో. పట్టణాలలో దానిని ‘జోడే కీ రఖం’ అంటారు. పెండ్లికొడుకు జత బట్టలకని మొదలైన పైకం. దానికి తోడు జహేజ్. మా పల్లెలలో సూటిగా కట్నమే. మా అక్క పెండ్లికి నాయన రెండెకరాల చేను అమ్మాడు. బావిలో నీళ్లు అడుగంటిన సంవత్సరం కావడంతో చేనుకు ధర రాలేదు. ప్రొద్దుటూరులో తెచ్చిన బంగారానికి మిగిలిన సొమ్ము అప్పు. మూడేళ్లకు అన్న పెండ్లి. వదినవాళ్లు ఇచ్చిన కట్నం మా ఇంట ఒక్క రాత్రి కూడా నిలవలేదు. అక్క పెండ్లినాటి అప్పులవాని చేతికి వెళ్లిపోయింది. ఆ కట్నం కోసం వదిన తండ్రి ఎద్దుల జత అమ్మాడని, ఆమె చెల్లెలి పెండ్లి ఆరేళ్లు ఆగిపోయిందని నాకు చాలా తరువాత తెలిసింది. మేము దుర్మార్గులం కాము. నాయన ఐదు పూటలా నమాజు వదలనివాడు. ఒక ఆడపిల్ల కోసం ఇచ్చింది మరొక ఆడపిల్ల ఇంటి నుండి తెచ్చుకున్నాడు, అంతే. అందరూ చేసేది ఇదే కనుక ఎవరికీ ఇది పాపంగా తోచదు.

ఇటువంటి గొలుసు మన నేలకే పరిమితమని అనుకునేదానిని. ఐర్లండు పల్లెల గురించి చదివినప్పుడు ఆశ్చర్యం కలిగింది. వారు క్రైస్తవులు, వానలు తెగ కురిసే నేల, బంగాళాదుంప తిండి. మనతో ఏ పోలికా లేదు. కానీ 1845లో మొదలైన మహాక్షామం తరువాత అక్కడి రైతులు భూమిని ముక్కలు చేయడం మానుకొని, ఒక్క కుమారునికే ఇవ్వసాగారు. ఆ కుమారుని పెండ్లి నాడే తండ్రి పొలాన్ని అతని పేర వ్రాసేవాడు. మధ్యవర్తి సంబంధం తెస్తే, పిల్ల తండ్రి వచ్చి పొలమంతా నడిచి, గొడ్లను లెక్కపెట్టి, నీటి ఊటను చూసి వెళ్లేవాడు. తరువాత బేరం. పిల్లవారు ఇచ్చే సొమ్మును అక్కడ ‘ఫార్చూన్’ అనేవారు, అంటే అదృష్టమని. ఆ అదృష్టం పిల్లది కాదు, పిల్లవానిదీ కాదు. అది అతని తండ్రి చేతికి వెళ్లేది. ఆయన ఆ సొమ్ముతో తన కుమార్తె పెండ్లి చేసేవాడు. ఆ కుమార్తె అత్తింటివారు దానితో తమ పిల్ల పెండ్లి చేసేవారు. సొమ్ము సరిపోని ఆడపిల్లలు ఓడ ఎక్కి అమెరికాకు వెళ్లి ఇండ్లలో పనిచేసేవారు, లేదా పెండ్లి లేకుండా అన్న ఇంట ఉండిపోయేవారు. 1930లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి వచ్చిన ఆరెన్స్‌బర్గ్, కింబాల్ అనే ఇద్దరు పరిశోధకులు క్లేర్ జిల్లా పల్లెలలో ఉండి ఇదంతా గమనించి, 1940లో గ్రంథంగా వెలువరించారు.

వారికీ కాలనియమాలున్నాయి. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాస కాలంలో పెండ్లిండ్లు ఉండవు గనుక, ఆ కాలం మొదలయ్యే ముందు వారాలలో పెండ్లిండ్లు ముమ్మరంగా జరిగేవి. క్లేర్ జిల్లాలోనే లిస్‌డూన్‌వార్నా అనే చిన్న పట్టణం ఉంది. కోతలు ముగిసి చేతిలో నాలుగు డబ్బులున్న రైతులు సెప్టెంబరులో అక్కడి ఔషధ జలాల కోసం చేరేవారు. మధ్యవర్తులూ చేరేవారు. ఇప్పటికీ సెప్టెంబరులో సంబంధాల ఉత్సవం జరుగుతుంది గానీ, అది ఇప్పుడు సంగీతం, నాట్యం, యాత్రికుల సందడి మాత్రమే. పొలంతో ముడిపడిన ఆ బేరం అక్కడ అంతరించింది. ధర్మబోధ వల్ల అంతరించలేదని గమనించాలి. ఆడపిల్లలు చదువుకొని, నగరాలకు వెళ్లి, సొంతంగా సంపాదించసాగారు. పొలం కోసం అత్తింటి గడప తొక్కడానికి వారు నిరాకరించారు.

మన నేలకూ క్షామం కొత్త కాదు. 1876 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి సీమలను ఊడ్చివేసింది. జేజి వాళ్ల జేజి ఆ కథలు చెప్పేదట. కరువు నేలలో భూమి ఉన్నవాడు దానిని విడవడు, ఆడపిల్ల ఉన్నవాడు భయపడతాడు. ఆ భయమే కట్నానికి ఎరువు. ఈ మధ్య రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి కువైట్ వెళ్లిన కుటుంబాల సొమ్ము తోడై, పెండ్లి మండపాలు పెద్దవయ్యాయి. చెల్లి పెండ్లి కోసం ఎడారిలో పది సంవత్సరాలు బండి నడిపిన అన్నలు ఎందరో! వారి శ్రమను తక్కువ చేయడం లేదు. అయితే పైకం పెరిగినప్పుడు మహర్ పెరగలేదు, కట్నమే పెరిగింది.

‘దైవప్రవక్త (స) కూడా తమ కుమార్తె ఫాతిమా (రజి)కు జహేజ్ ఇచ్చారు కదా’ అని కొందరు వాదిస్తారు. ఇచ్చిన వస్తువులేమిటో హదీసులలో ఉంది. ఒక దుప్పటి, నీళ్ల తోలుతిత్తి, సువాసనగల గడ్డి కూరిన దిండు. దూదేకులవారి బిడ్డను గనుక ఆ దిండు దగ్గర నా మనసు ఎప్పుడూ ఆగుతుంది. అలీ (రజి) చిన్ననాటి నుండి దైవప్రవక్త (స) సంరక్షణలోనే పెరిగినవారు. ఇరువైపులా పెద్దరికం వహించి ఒక కొత్త కాపురాన్ని నిలబెట్టారే తప్ప, వరుని తరఫువారు అడిగితే ఇచ్చినది కాదని పండితులు వివరిస్తారు. మహర్‌కు ఏమీ లేదని అలీ (రజి) అన్నప్పుడు, నీ కవచం ఏమైందని దైవప్రవక్త (స) అడిగారు. యుద్ధాల కాలంలో, ఉన్న ఒక్క కవచాన్ని మహర్‌గా తెప్పించారు. మన ఇండ్లలో జహేజ్‌కు ఫాతిమా (రజి) పేరు పెట్టుకున్నాం గానీ, కవచం సంగతి ఎవరూ ఎత్తరు.

దేశ చట్టం ఈ తేడాను స్పష్టంగానే గుర్తించింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నాన్ని నిర్వచిస్తూ, ముస్లిం వ్యక్తిగత ధర్మశాస్త్రం వర్తించే వారి మహర్ అందులోకి రాదని అక్కడే చెప్పింది. కట్నం తీసుకున్నా, ఇచ్చినా కనీసం ఐదేళ్ల శిక్ష అని 1986 సవరణ చెబుతుంది. ఆ చట్టం క్రింద ఫిర్యాదు ఇచ్చిన వధువు తండ్రి మా పల్లెలలో నాకు కనిపించలేదు. ఇచ్చినవాడూ దోషే కావడం దానికి ఒక కారణం కావచ్చు. 2022 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన షాదీ తోఫా పథకం మైనారిటీ వధువులకు లక్ష రూపాయలు ప్రకటించింది. వధువుకు 18, వరునికి 21 నిండి, ఇద్దరూ పదవ తరగతి ఉత్తీర్ణులై ఉండాలన్నది షరతు. లక్ష కంటే ఆ పదవ తరగతి షరతే నాకు నచ్చింది. ఆ సొమ్ము వస్తుందని తెలిసి, దానిని కూడా కట్నం లెక్కలో కలుపుకొని అడిగిన పెద్దమనిషిని నా కళ్లతో చూశాను.

ఆచారాలన్నీ చెడ్డవని నేను అనను. ధర్మానికి విరుద్ధం కాని స్థానిక ఆచారాన్ని షరీఅత్ గౌరవిస్తుంది. మంఝా నాడు పసుపు పూయడం, మెహందీ రాత్రి ఆడవారు పాడుకోవడం, మేనమామ సేహ్రా తేవడం, వీటితో ఎవరి పొలమూ అమ్ముడుపోలేదు. సాంచక్ నాడు పళ్లేలు లెక్కపెట్టుకోవడం, షబ్‌గష్త్‌లో టపాకాయలకు వేలు తగలేయడం, నికాహ్ నాటి భోజనం భారమంతా వధువు తండ్రి మీద వేయడం వేరు సంగతి. వలీమా వరుడు పెట్టవలసిన విందు. హజ్రత్ సఫియ్యా (రజి) వివాహపు వలీమాలో రొట్టె లేదు, మాంసం లేదు. ఖర్జూరాలు, జున్ను, నెయ్యి మాత్రమే ఉన్నాయి.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది జుమ్మాగీ. పెండ్లి తరువాత వరుసగా ఐదు శుక్రవారాలు బంధువులు ఒక్కొక్కరు కొత్త జంటను భోజనానికి పిలుస్తారు. పట్టణాల ఉర్దూ కుటుంబాల నుండి ఇది మా ఇండ్లకూ వచ్చింది. పెండ్లి గోలలో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని రెండు కుటుంబాలు ఆ ఐదు వారాలలో నెమ్మదిగా పరిచయమవుతాయి. కోడలు ఎవరు చిన్నమ్మో, ఎవరు పెద్దమ్మో నేర్చుకుంటుంది. అప్పు చేయవలసిన పని లేదు, ఉన్న సంగటి, తునకల కూర పెట్టినా మర్యాదే. ఈ రోజుల్లో ఐదు శుక్రవారాలనూ ఒకే ఆదివారం హోటలులో ముగిస్తున్నారు.

మరొక మాట. నికాహ్ ఖుత్బాలో పఠించే ఆయతులు నాలుగు: అన్నిసా సూరా మొదటిది, ఆలి ఇమ్రాన్ 102వది, అల్‌అహ్‌జాబ్ 70, 71. వీటిలో అల్లాహ్‌కు భయపడండన్న హెచ్చరికే ముఖ్యం, సూటిగా మాట్లాడండన్న ఆదేశం కూడా ఉంది. ఇంట తెలుగు మాట్లాడే పెండ్లికొడుకుకు ఆ అరబ్బీ ఎలా తెలుస్తుంది? ఖుత్బాకు ముందు ఐదు నిమిషాలు తెలుగులో వివరించే ఇమాములు ఇప్పుడు మా వైపు కనిపిస్తున్నారు. ఆ ఐదు నిమిషాలు ఫోటోగ్రాఫరుకు నచ్చవు గానీ, వెనుక వరుసలో ముసలివారు ముందుకు వంగి వింటారు.

నేను పెండ్లి చేసుకొని నంద్యాల వైపు వచ్చాను. రెండేళ్ల క్రితం మా అబ్బాయి వివాహం. పిల్లను వాడే వెళ్లి చూశాడు, ఆమె తల్లిదండ్రుల సమక్షంలో మాట్లాడాడు. పిల్ల తండ్రి మా ఇంటికి వచ్చి, చెప్పులు విడవకముందే ‘మీరేమి ఆశిస్తున్నారో చెప్పండి వదినా’ అన్నాడు. ఏమీ వద్దన్నాను. ఆయన నమ్మలేదు. నావైపు కాక మా ఇంటాయనవైపు చూశాడు. ఆయన తల దించుకొని కూర్చున్నారు. ఎందుకో నాకు తెలుసు. మాకు ఒక కుమార్తె ఉంది. వాడికి తీసుకోకపోతే దానికి ఎక్కడి నుండి తేవాలన్నది ఆయన లెక్క. నాయన వేసిన లెక్కే. ఆ రాత్రి మా మధ్య మాటలు పెరిగాయి. ‘నీకు ధర్మం, నాకు అప్పు’ అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు. చివరకు మా అబ్బాయే, ‘నాన్నా, చెల్లి పెండ్లికి నా జీతం నుండి ఇస్తాను, వాళ్ల నాన్న నుండి తెచ్చి కాదు’ అన్నాడు.

నికాహ్ మసీదులో జరిగింది. మహర్ ముఅజ్జలా మువజ్జలా అని ఖాజీగారు మామూలుగా అడిగి, మామూలుగా రెండవది వ్రాయబోయారు. ఐన్‌తో వ్రాయమని మా అబ్బాయి అన్నాడు. వెనుక ఎవరో నవ్వారు. పదకొండు నెలల జీతంలో దాచిన సొమ్మును ఒక కవరులో పెట్టి వకీలు చేత లోపలికి పంపించాడు. కోడలు దానిని ముసుగులోనే లెక్కపెట్టుకొన్నదట. ‘లెక్కపెట్టింది చూడు, సిగ్గులేకుండా’ అని మా బంధువులలో ఒకామె నా చెవిలో అన్నది. ఆమె మాటకు బదులివ్వలేదు. జేజి జ్ఞాపకం వచ్చింది.

ఇప్పుడు మా అమ్మాయి సంబంధాలు నడుస్తున్నాయి. బి.ఎడ్. చదివింది. కట్నం ఇవ్వమని చెప్పిన తరువాత రెండు కుటుంబాలు మళ్లీ మాట్లాడలేదు. మా ఇంటాయన ఏమీ అనరు గానీ, రాత్రిళ్లు నిద్ర పట్టక వాకిట్లో కూర్చుంటారు. అమ్మాయే అప్పుడప్పుడు టీ పెట్టి తీసుకువెళ్లి ఇస్తుంది. నెల క్రితం కర్నూలు నుండి సంబంధాలు చూసే ఒకాయన ఫోన్ చేసి, ‘అబ్బాయి మంచివాడమ్మా, మీరెంతలో ఉన్నారు?’ అని అడిగాడు. వారి మహర్ ఎంతో, ఎప్పుడు ఇస్తారో ముందు వారిని కనుక్కొని చెప్పమన్నాను. ఆయన ఒక క్షణం ఊరుకొని, ఫోన్ పెట్టేశాడు.

మూడు రోజుల తరువాత ఆయనే మళ్లీ చేశాడు. ఎమ్మిగనూరు వైపు ఇంకొక కుటుంబం ఉందట. నేనడిగిన ప్రశ్న వారిని అడిగాడట, జవాబు చెప్పారట. వచ్చే శుక్రవారం అబ్బాయిని వెంటబెట్టుకొని వస్తున్నారు.